చూడగానే చదవాలట!

యూకేజీ చదివే మా మనవరాలు బడి నుంచి రాగానే సంచిలోంచి ఒక కాగితం తీసి నా ఒళ్లో పడేసింది. "తాతా, ఇవి సైట్ వర్డ్స్. కూడబలుక్కోకూడదట. చూడగానే చదివెయ్యాలట" అంది. నలభై దాటగానే సైట్ వచ్చినవాణ్ణి, కళ్లజోడు లేకుండా నేను చూడగానే చదివేవి ఏమీ లేవు.

ఈ చిట్టాకు మూలపురుషుడు అమెరికాలోని ఎడ్వర్డ్ డాల్చ్ అనే ఆచార్యుడు. పిల్లల పుస్తకాల్లో పదే పదే తగిలే 220 మాటలు ఏరి 1936లో ప్రచురించాడు. వాటిలో ఒక్క నామవాచకం లేదు. ఆ జాతికి 95 మాటలతో వేరే చిట్టా ఉంది. అక్కడే వచ్చింది చిక్కంతా. ఆవు బొమ్మ చూపించి 'కౌ' అనిపించవచ్చు. 'ద' బొమ్మ ఎలా గీస్తాం? 'ఆఫ్' ఏ రంగులో ఉంటుంది?

"తాతా, 'వన్'లో ముందు ఓ ఉంది కదా, వ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"వచ్చిందమ్మా, అంతే."

"మరి 'టూ'లో డబ్ల్యూ ఏం చేస్తోంది?"

"ఊరికే కూర్చుంది."

దూరపు చుట్టాల పెళ్లికి వెళ్లినట్టే ఈ చదువు. ఎవరు ఏమవుతారని అడక్కూడదు, ముఖం గుర్తుపట్టి నవ్వాలి. మేమూ క గుణింతం నుంచి దిద్దుకుంటూ వేళ్లు అరగదీసుకున్నవాళ్లమే. కానీ గుణింతాలూ ఒత్తులూ ఒకసారి పట్టుబడ్డాక కిరాణా కొట్టు బోర్డు నుంచి సినిమా పోస్టరు దాకా అర్థం తెలిసినా తెలియకపోయినా గడగడా చదివేశాం. ఆ గర్వంతోనే కోడలికి రెండు సలహాలు చెప్పబోయాను. "మామయ్యా, మీరు కార్డులు పట్టుకోండి చాలు" అంది.

బడివాళ్లు పంపిన మాటల కార్డులు ఇల్లంతా పాకాయి. ఫ్రిజ్ మీద 'సెడ్', బీరువా మీద 'వాజ్', దేవుడి గది తలుపు మీద 'కమ్'. పిల్ల తడుముకోకుండా చదివేస్తుంటే మా ఆవిడ దిష్టి తీసింది. నాకెందుకో అనుమానం వచ్చి ఫ్రిజ్ కార్డునూ బీరువా కార్డునూ తారుమారు చేశాను. అయినా ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి 'సెడ్' అనే అంది! ఫ్రిజ్‌ను చదువుతోందన్నమాట. సరే, అన్నీ పీకి కట్టగా చేసి పట్టుకున్నాను. ఈసారి 'వాజ్' ఎన్నిసార్లు చూపినా తప్పలేదు. కారణం, దాని మూలన పెరుగు మరక ఉంది. కొత్త కాగితం మీద అదే మాట రాసి చూపిస్తే, "ఇది మనది కాదు తాతా" అంది.

పిల్లను అనడానికేం లేదు. చూడగానే చెప్పమన్నాం, తేలిగ్గా గుర్తుపట్టేదేదో దాన్ని చూసి చెప్పింది.

ఈ 220 మాటలతో ఏం చదువుతారని తీసిపారేయనక్కర్లేదు. డాక్టర్ సూస్ అనే రచయిత 1960లో 'గ్రీన్ ఎగ్స్ అండ్ హామ్' పుస్తకం మొత్తం 50 వేర్వేరు మాటలతోనే రాశాడు. మా బావగారు ఫోనులో 'హలో' అన్నాక ఊపిరి పీల్చుకునేలోపే అన్ని మాటలు వాడేస్తారు.

అసలు ఈ 220లో అన్నీ మొండిఘటాలు కావు. 'ఇట్', 'క్యాన్', 'రన్' లాంటివి అక్షరాల శబ్దాలు కలుపుకుంటే ఇట్టే వచ్చేస్తాయి. కాబట్టి టీచరమ్మలకు నా మనవి. అలాంటివాటిని శబ్దాలు కలిపించే నేర్పండి, మాట వినని వాటికే కార్డులు పంపండి. పంపేటప్పుడు వాటికి ప్లాస్టిక్ తొడుగు కూడా వేయించండి, పెరుగు తుడిస్తే పోతుంది.