ఆటలో అరటిపండు

సామర్లకోటలో ఈల వినబడితే పిల్లలు ముందు రైలుపట్టాల వైపు చూస్తారు, ఆ తరవాతే మాస్టారి వైపు. చెన్నై–హౌరా మెయిన్ లైను మీద కాకినాడకి దారి చీలే జంక్షను మరి. గూడ్సులూ ఎక్స్‌ప్రెస్సులూ రాత్రీ పగలూ కూత పెడుతూనే ఉంటాయి. అలాంటి ఊళ్ళో మెళ్ళో ఓ ప్లాస్టిక్ ఈల వేసుకుని ప్రాథమిక పాఠశాల పిల్లల్ని ఆడించడమంటే మాటలు కాదు. మాస్టారు ఆగమని ఊదితే ఏదో గూడ్సు అనుకుని ఇంకాస్త జోరుగా పరిగెడతారు. నిజంగా గూడ్సు కూసినప్పుడు ఆట అయిపోయిందనుకుని కుళాయి దగ్గరికి పోతారు.

పేరు చెప్పి ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుగ్గానీ, ఈ మాస్టారు అసలు డ్రిల్లు మాస్టారే కాదు. ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచరు. పొద్దున్న తెలుగు, తరవాత లెక్కలు, ఇంగ్లీషు, పరిసరాల విజ్ఞానం, అన్నీ ఆయనే. మధ్యాహ్నం గుడ్లు లెక్కెట్టించి, భోజనాల ఫొటో యాప్‌లో ఎక్కించి, ఎక్కకపోతే మళ్ళీ ఎక్కించి, ఆఖరి పీరియడు గంట కొట్టగానే చేతికంటిన సుద్ద దులుపుకుని వ్యాయామోపాధ్యాయులైపోతారు. వేషం మాత్రం మారదు. అదే టక్కు, అవే తోలు చెప్పులు, జేబులో అదే ఎర్రసిరా పెన్ను.

ఇందులో ఆయన తప్పేమీ లేదు, లెక్కే అలా ఉంది. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో పెట్టిన విద్యాహక్కు చట్టం చివర ఓ షెడ్యూలు ఉంది. బడికి ఆటస్థలం ఉండాలంటుంది. ప్రతి తరగతికీ ఆటసామాను ఇవ్వాలంటుంది. ఇక మనుషుల దగ్గరికొచ్చేసరికి, ఒకటి నుంచి ఐదు తరగతుల్లో అరవైమంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, తొంభై దాకా ముగ్గురు అంటూ తలలు లెక్కేసి ఊరుకుంటుంది. వ్యాయామానికంటూ ఓ మనిషి, అదీ పార్ట్‌టైం, కావాలంటే పిల్లలు ఆరో తరగతికి రావాలి. ఆరు నుంచి ఎనిమిది దాకా వందమంది దాటాలి కూడానూ. అంటే స్థలం ఉంది, బంతి ఉంది, ఈల ఊదే నోరు మాత్రం ఉన్నవాళ్ళలోనే ఎవరిదో చూసుకోవాలి.

ఆ ఉన్నవాళ్ళ సంగతీ చూద్దాం. 2024–25 సంవత్సరానికి కేంద్ర విద్యాశాఖ తీసిన లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఒకే టీచరుతో నడిచే బళ్ళు 12,912. అక్కడ మాస్టారే హెడ్మాస్టారు, ఆయనే గుమాస్తా, ఆయనే రిఫరీ, ఎవరికైనా మోకాలు చీరుకుపోతే ఆయనే కాంపౌండరు. టీచర్ల నియామకాలకి పెట్టిన 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులుంటే ఎస్జీటీలు 6,371, వ్యాయామం నేర్పే పీఈటీలు 132. స్కూల్ అసిస్టెంట్లలో వ్యాయామం వాళ్ళు వేరే ఉన్నారు గానీ వాళ్ళు ఎక్కిన బస్సు తిన్నగా హైస్కూలుకే పోతుంది, ప్రాథమిక బడి దగ్గర స్టాపు లేదు.

అయినా జనం ఊరుకుంటారా? డ్రిల్లు మాస్టారంటే మెలితిప్పిన మీసం, విరిచిన ఛాతీ, చేతిలో బెత్తం ఉండాలంటారు. ఈ బొమ్మ మన మనసుల్లో పడడానికి కోడి రామ్మూర్తి నాయుడు గారూ కొంత కారణం. వీరఘట్టంలో పుట్టి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో కొన్నాళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషి ఆయన. ఆ తరవాత ఉద్యోగం వదిలేసి, సర్కస్ కంపెనీ పెట్టి, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నారు. కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులస్ అన్నారు. బడి వదిలి ఏనుగు దగ్గరికి ఎందుకు వెళ్ళారా అని చరిత్రకారులకి అనుమానం రావచ్చు గానీ, ఒకటో తరగతికి కవాతు నేర్పినవాళ్ళకెవరికీ రాదు.

సామర్లకోటకి సొంత భీముడు ఉండనే ఉన్నాడు. తూర్పు చాళుక్య భీముడు కట్టించిన కుమారారామం పంచారామాల్లో ఒకటి. అక్కడి శివలింగం ఎంత పొడుగంటే అభిషేకం పై అంతస్తు నుంచి చెయ్యాలి. దేవుడే ఆ కొలతలో ఉన్న ఊళ్ళో, ఐదడుగుల పైన అంగుళాలు వెతుక్కునే మాస్టారు ఈల పట్టుకుని నిలబడితే ఎవరి కంటికి ఆనతారు?

ఒకటో తరగతి కవాతు మాత్రం చూసి తీరాలి. "లెఫ్ట్" అనగానే సగంమంది ఎడమకాలు ఎత్తుతారు, సగంమంది కుడికాలు ఎత్తుతారు, ఒకడు రెండూ ఎత్తి కింద పడతాడు. ఇంకొకడు ఎడమ చెయ్యీ ఎడమ కాలూ కలిపి ముందుకేసి, తరవాత కుడివైపు సరంజామా అంతా ఒక్కసారి లాక్కొస్తాడు. బీరువా జరిపినట్టుంటుంది ఆ నడక. ఎడమా కుడీ తెలియడం కోసం మాస్టారు అందరి ఎడమ మణికట్టుకీ రబ్బరు బ్యాండు వేశారు. ఆలోచన మంచిదే. మర్నాటికి ఆ బ్యాండ్లతో కాగితం ఉండలు కొట్టుకోవడం మూడో తరగతి దాకా పాకింది.

పరుగుపందెం సంగతి ఇంకా బాగుంటుంది. "రెడీ" అన్నప్పుడే సగంమంది వెళ్ళిపోతారు. "స్టార్ట్" అన్నాక మిగతావాళ్ళు అటూ ఇటూ చూసి, వెళ్ళినవాళ్ళని వెనక్కి పిలుస్తారు. ఒక పిల్ల అందరికన్నా ముందు పోతూ పోతూ మధ్యలో ఆగి, వెనకబడ్డ నేస్తం వచ్చేదాకా నిలబడి, దాని చెయ్యి పట్టుకుని నవ్వుకుంటూ గీత దాటింది. ఫస్టు ఎవరే అంటే "ఇద్దరమండీ" అంది. రిజిస్టరులో అలా రాయడానికి గడి లేదు.

బంతి పట్టడం దగ్గర చూడండి. ఆరేళ్ళ పిల్ల బంతి వస్తోందంటే రెండు చేతులూ బారుగా చాపి, మొహం పక్కకి తిప్పేసి, కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. బంతి బొజ్జకి తగిలి కిందపడి దొర్లిపోయాక అప్పుడు చేతులు టప్పున మూసుకుంటాయి. ఇది చేతకానితనం కాదు, ఆ వయసే అంత. విసరడం, పట్టడం, ఒంటికాలి మీద నిలబడడం, గెంతడం, పడకుండా మలుపు తిరగడం: ప్రాథమిక బడిలో వ్యాయామ విద్య అంటే నిజానికి ఇదే. కప్పులూ షీల్డులూ ఆ తరవాత మాట. మాస్టారు రబ్బరు బంతి పక్కన పడేసి పాత చున్నీ ఉండచుట్టి గుడ్డబంతి చేశారు. తగిలినా నొప్పెట్టదని తెలిశాక ఆ పిల్ల మొదట ఒక కన్ను తెరిచింది, కొన్నాళ్ళకి రెండోది కూడా. ఆఖరికి ఓ రోజు పట్టేసింది. పట్టిన బంతి తిరిగి ఇమ్మంటే ఇవ్వనని ఇంటికి పట్టుకుపోయింది, అది వేరే గొడవ.

ఇక ఆటలంటారా, అవి మాస్టారు నేర్పక్కర్లేదు. తొక్కుడుబిళ్ళ, ఏడుపెంకులాట, కోతికొమ్మచ్చి, నేలాబండా, కుంటాట, అన్నీ వాళ్ళకి ఇంటి దగ్గరే వచ్చు. పంటలేసుకోవడం ఆయనకన్నా బాగా వచ్చు. వాళ్ళకి కావలసింది జడ్జీ.

"మాస్టారండీ, వీడు తొండండీ. కాలు దింపేసేడండీ."

"నేను దింపలేదండీ. నేలే తగిలిందండీ."

"ఒట్టెయ్యమనండీ మాస్టారూ."

ఒట్టేస్తాడు. ఎవరి మీద వేశాడన్నది ఇంకో కేసు. ఈలోగా సాక్షులు రెండు జట్లుగా చీలిపోయి, నిందితుడు ఇంకా ఒంటికాలి మీదే నిలబడి "ఇప్పుడు దింపొచ్చాండీ?" అని అడుగుతాడు. 2024 జూలైలో దేశానికి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి గానీ తొండికి వాటిల్లోనూ సెక్షను పెట్టలేదు. అందుకని మాస్టారు కేసులన్నిటికీ ఒకటే తీర్పు చెబుతారు: మళ్ళీ మొదట్నుంచి ఆడండి.

పిల్లల న్యాయంలో ఒక ఏర్పాటు ఉంది, దానికి ఏ తీర్పూ అక్కర్లేదు. చిన్నతమ్ముడు, కాలు సరిగా సాగని నేస్తం, కొత్తగా చేరి బిక్కమొహం వేసినవాడు, వీళ్ళని ఆటలో అరటిపండు చేస్తారు. అరటిపండు అందరితోపాటు పరిగెడతాడు, అందరికన్నా గట్టిగా అరుస్తాడు. వాణ్ణి ముట్టుకున్నా వాడు ఔటు కాడు, వాడు ముట్టుకున్నా ఎవరూ ఔటు కారు. సహిత విద్య మీద మాస్టారు వెళ్ళిన ట్రైనింగుల్లో స్లైడ్లు బోలెడు చూపించారు గానీ, ఇంత తేలిగ్గా జరిగిపోయే పద్ధతి వాటిల్లో ఆయనకి కనబడలేదు.

టైంటేబుల్లో ఆటల పీరియడు హోదా కూడా సరిగ్గా ఈ అరటిపండుదే. లెక్కలు మిగిలిపోయాయా, ఆటల పీరియడు. నులిపురుగుల మాత్రలు వెయ్యాలా, ఆటల పీరియడు. ఆధార్ వేలిముద్రలా, అదే పీరియడు. హైస్కూల్లో అయితే పీరియడు లాక్కున్న లెక్కల మాస్టారితో పీఈటీ స్టాఫ్‌రూములో దెబ్బలాడొచ్చు. ఇక్కడ లాక్కున్నదీ ఈయనే, పోగొట్టుకున్నదీ ఈయనే. ఎవరితో దెబ్బలాడతారు? దానికి తోడు మార్చిలో ఒంటిపూట బడులు పెట్టాక గ్రౌండులో కాలు పెట్టలేరు. వానాకాలంలో గ్రౌండు ఎక్కడుందో కాలితో తడిమి చూసుకోవాలి.

ఐదు నుంచి పదిహేడేళ్ళ వాళ్ళకి రోజూ సగటున గంటసేపైనా ఒళ్ళు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మనవాళ్ళు మాత్రం "ఎక్కం రానివాడికి ఆట లేదు" అని తేలిగ్గా అనేస్తారు. ఎక్కం రానివాడు సాధారణంగా గ్రౌండులో అందరికన్నా ముందుంటాడు. వాడికి పేరొచ్చే చోటు అదొక్కటే, దాన్నే పీకేస్తాం. ఈ శిక్షని మాత్రం నవ్వేసి ఊరుకోలేం. మాస్టారు దానికి వేరే దారి కనిపెట్టారు. కుంటాటలో గెంతు గెంతుకీ ఎక్కం చెప్పాలి. ఏడో ఎక్కంలో "ఏడేడ్లు" దగ్గరికొచ్చేసరికి ఊపిరాడక నలభైతొమ్మిది సగమే వినబడుతుంది. అది మార్కుల్లోకి రాదు గానీ, ఆ కుర్రాడు ఎక్కం మధ్యలో వదిలెయ్యడం మాత్రం మానేశాడు.

డబ్బు సంగతికొస్తే, సమగ్ర శిక్ష కింద ఆటసామానుకి ఏడాదికి ప్రాథమిక బడికి ₹5,000, ప్రాథమికోన్నత బడికి ₹10,000, ఆపైన ఉన్నత పాఠశాలలకి ₹25,000 దాకా అని లెక్క కట్టారు. ఐదువేలకి బంతులు, తాళ్ళు, రింగులు కొంటే, బంతులు ముందు పక్కింటి పెరట్లోకి పోతాయి. అక్కడి మామ్మగారు బంతి తిరిగిచ్చేముందు ఈ బడి ఆవిడ చదువుకున్న రోజుల్లో ఎలా ఉండేదో చెబుతారు. తీసుకురావడానికి వెళ్ళినవాడికి పీరియడు అక్కడే అయిపోతుంది.

బ్యాడ్మింటన్ బ్యాట్లు కొనిపించిన పాపం అమలాపురానిది. అక్కడి కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి కొట్టిన స్మాష్ గంటకి 565 కిలోమీటర్ల వేగమని గిన్నిస్ వాళ్ళు 2023లో రాసుకున్నారు. అదే ఏడాది చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల్లో బంగారు పతకం, ఆ వెంటనే ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు. సాత్విక్ నాన్నగారు కాశీ విశ్వనాథం గారు వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేశారు. ఈ ఒక్క ముక్క పట్టుకుని ఓ తండ్రి పేరెంట్స్ మీటింగులో "మావాణ్ణి కూడా అలా తయారుచెయ్యండి మాస్టారూ" అన్నాడు. మాస్టారు కిందకి చూశారు. "తప్పకుండానండీ. ముందు చెప్పులు ఏ కాలివి ఆ కాలికి వేసుకోవడం చూసుకుందాం" అన్నారు. బ్యాట్లు భద్రంగానే ఉన్నాయి. షటిళ్ళు అన్నీ డాబా మీద ఉన్నాయి.

జనవరి 26కి ఆటలపోటీలు. కప్పగంతులు, గోనెసంచి పరుగు, మ్యూజికల్ చెయిర్స్, బహుమతులకి స్టీలు గిన్నెలు. మొన్నటిసారి లెమన్ అండ్ స్పూన్‌లో రెండో గిన్నె దగ్గర పేచీ వచ్చింది. ఆ పిల్లాడు బొటనవేలితో నిమ్మకాయ నొక్కిపెట్టాడని ఒకమ్మ, లేదు చెంచాయే లోతుగా ఉందని ఇంకొకమ్మ. ఇద్దరూ మాస్టార్ని చెరోవైపు నిలబెట్టి "మీరే చెప్పండి బాబూ" అన్నారు. ఆయనకి తెలిసిన తీర్పు ఒకటే: మళ్ళీ మొదట్నుంచి ఆడండి. సరేనన్నారు. ఈసారి నిమ్మకాయలు మాత్రం ఎవరింటి నుంచి వాళ్ళే తెచ్చుకుంటారట.