నల్లచిప్ప వాంగ్మూలం

నేను పుట్టింది విశాఖపట్నం లోపలి హార్బరులో. వయసు మూడు నెలలు. పొడవు ఇంకా అంగుళం నిండలేదు. ఈ మాత్రం దానికి ఆత్మకథ ఎందుకని నవ్వేవాళ్లు నవ్వండి. మా జాతిలో మూడు నెలలంటే సంసారం, సంతానం అన్నీ చూసేసిన వయసు. ఎనిమిది, పది మిల్లీమీటర్లు ఎదిగేసరికే మేం పెద్దవాళ్ల కింద లెక్క. అందుకు నెల రోజులు చాలు.

మీరు మమ్మల్ని ఆలిచిప్పలంటారు. రేవులో పడవలవాళ్లకు మేం నల్లగుల్లలం. పుస్తకాల్లో నా పేరు మైటిలాప్సిస్ సాలీ. ప్రస్తుతం నేనుంటున్నది జెట్టీకి నైలాన్ తాడుతో కట్టి నీళ్లలోకి దింపిన ఒక చెక్కపలక మీద. పరిశోధన చేసుకునే ఒక అమ్మాయి దాన్ని వేలాడదీసి వెళ్లింది. ఖాళీ ఇల్లు కట్టి టులెట్ బోర్డు పెట్టినట్టన్నమాట. ఎవరెవరు వచ్చి చేరతారు, నెలకు ఎంతమంది, ఎంత బరువు అన్నదే ఆవిడ లెక్క. ముందు సూక్ష్మజీవుల జిగురు పొర చేరింది. తర్వాత తెల్లని బుడిపెల్లాంటి బార్నకిల్స్, గొట్టాలు కట్టుకునే పురుగులు వచ్చాయి. ఆ తర్వాత మేం వచ్చాం. ఇప్పుడు చెక్క కనబడదు. మాలో సగంమందికి చెక్క తగలను కూడా తగలదు. ఒకరి వీపు మీద ఒకరం బతుకుతున్నాం.

నా కథకు ముందు ఈ నీళ్ల కథ చెప్పాలి. ఇదంతా ఒకప్పుడు ఉప్పుటేరు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు మూతి గుండా సముద్రం పోటుకి లోపలికొచ్చేది, పాటుకి వెనక్కి పోయేది. అటునుంచి మేహాద్రి గెడ్డ వర్షం నీళ్లు తెచ్చి పోసేది. ఉప్పూ తీపీ కలిసే చోట బురదనేల, మడచెట్లు, వాటి వేళ్ల మధ్య రొయ్యపిల్లలు, పీతలు. ఆ బురదనేలనే తవ్వి రేవు చేశారు. ఇసుక మేట వేయకుండా మూతి దగ్గర రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుగోడగా వాడారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది. ఆ రోజు నుంచి ఉప్పుటేరు హార్బరయింది.

తవ్వినవాళ్లు కొండ చాటున గాలివానకు బెదరని రేవు కావాలనుకున్నారు, అదే వచ్చింది. కానీ ఓడలకు రక్షణ ఇచ్చే ఆ చాటే నీళ్లకు చేటయింది. మూడు పాయలుగా చీలిన ఈ హార్బరుకు సముద్రంతో సంబంధం ఒకే ఒక్క ఇరుకు కాలువ. మన తీరంలో పోటుపాట్ల ఎత్తు అసలే తక్కువ. లోపలి కొసల్లో పడ్డ చెత్త బయటికి పోవాలంటే ఎన్ని పోట్లు రావాలో, ఎన్ని పాట్లు పడాలో. వానాకాలంలో గెడ్డ నీళ్లు తేలిక కాబట్టి పైన పరుచుకుంటాయి, ఉప్పునీళ్లు బరువు కాబట్టి అడుగున ఉండిపోతాయి. రెండు పొరలూ కలవవు. పైనున్న గాలి అడుక్కి దిగదు. చుట్టూ ఊరు పెరిగింది, కర్మాగారాలొచ్చాయి, ఊరి మురుగంతా గెడ్డ దారి పట్టింది. కుళ్లే సరుకు పెరిగింది, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పెరిగాయి. ఉన్న కాస్త ప్రాణవాయువునూ అవే తాగేశాయి.

సరిగ్గా అలాంటి రోజుల్లో మావాళ్లు దిగారు.

మా పుట్టిల్లు ఇక్కడికి ప్రపంచంలో అటు పక్క. కరీబియన్ తీరాల ఉప్పుటేళ్లు మావి. 1849లో రెక్లూజ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గ్వాటెమాలా నుంచి వచ్చిన చిప్పల్ని చూసి మాకు పేరు పెట్టాడు. అక్కడినుంచి ఇక్కడికి టిక్కెట్టు కొనుక్కుని రాలేదు. ఓడ అడుగున అంటుకుని వచ్చాం. 1967లో విశాఖ హార్బరులో మమ్మల్ని మొదటిసారి గమనించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రజీవుల చదువుకు పునాదులు వేసిన పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1971లో కరెంట్ సైన్స్ పత్రికలో మా గురించి రాశారు. అప్పటికి మా పేరు కాంజీరియా సాలీ. తర్వాత ఇంటిపేరు మార్చారు. మేం నిజంగా సాలీ వంశమేనా, పసిఫిక్ వైపు దాయాదులమా అని వంశవృక్షం పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు. తగువు మాది కాదు కాబట్టి మాకు నిద్ర చెడలేదు. విశాఖలో కుదురుకున్నాక బొంబాయి, తైవాన్, హాంకాంగ్, సింగపూర్ రేవుల్లోనూ మావాళ్లు తేలారు.

మా బలం ఏమిటంటే గట్టిగా పట్టుకోవడం, గట్టిగా మూసుకోవడం. పుట్టగానే కొన్నాళ్లు కంటికి ఆనని పిల్లలుగా నీళ్లలో కొట్టుకుపోతాం. చోటు దొరికితే పాదం ఆనించి, సన్నని దారాలు విడిచి, అవి గట్టిపడగానే అతుక్కుపోతాం. తీపినీళ్లయినా సరే, సముద్రం కన్నా ఉప్పగా ఉన్న నీళ్లయినా సరే కొంతకాలం ఓర్చుకుంటాం. పరిస్థితి మరీ బాగాలేదనుకోండి, చిప్ప మూసి కూర్చుంటాం. మంచి నీళ్లు కావాలని మారాం చేసే జీవులన్నీ ఒక్కొక్కటే సర్దుకుపోగా ఖాళీ అయిన ఇళ్లలో మేం కాపురం పెట్టాం. జెట్టీ స్తంభాలు, గొలుసులు, తేలే బోయాలు, ఓడల అడుగులు ఒక్కటీ వదల్లేదు. కొన్నిచోట్ల మా పొర పది, పదిహేను సెంటీమీటర్ల మందం కడుతుంది. అంత బరువు మోస్తూ నడిచే ఓడకు వేగం తగ్గుతుంది, ఆయిలు ఖర్చు పెరుగుతుంది. రేవువాళ్లకు మామీద కోపం అందుకే.

మొన్న పొద్దున్న ఆ అమ్మాయి వచ్చింది. పడవ తోలేది ఈ రేవులోనే తల నెరిసిన పెద్దాయన. తాడు లాగుతూ ఆయనన్నాడు:

“ఏటమ్మా ఇది! తినడానికి పనికిరావు, అమ్మడానికి పనికిరావు. ఈ నల్లగుల్లల్ని నెలనెలా తూకం వేసుకుని ఏటి సేసుకుంటావు?”

“నీళ్లకి జ్వరం చూస్తున్నాను బాబాయ్. ఇవే థర్మామీటరు.”

“జరం సూస్తే సాల్దమ్మా, మందెవులేస్తారు?”

ఆ పిల్ల నవ్వింది గానీ జవాబు చెప్పలేదు.

తర్వాత జరిగింది నేను దగ్గర్నుంచి చూశాను, తడిగుడ్డ చుట్టి మా పలకను పడవలో ఆమె పక్కనే పెట్టారు కాబట్టి. రెండు గాజు సీసాలు తీసింది. ఒకదాంట్లో పైనీళ్లు, రెండోదాంట్లో అడుగునీళ్లు, ఒక్క గాలిబుడగ లేకుండా పట్టింది. రెండింట్లోనూ రెండు రకాల మందులు కొలిచి పోసి, మూత బిగించి, తలకిందులు చేసి కలిపింది. దీన్ని వింక్లర్ పద్ధతంటారు. నీళ్లలో ప్రాణవాయువుంటే మందు దాంతో కలిసి గోధుమరంగు పిండిలా దిగుతుంది. ఎంత ప్రాణవాయువుంటే అంత ముదురు రంగు. పైనీళ్ల సీసాలో టీ పొడి రంగు దిగింది. అడుగునీళ్ల సీసాలో పిండి సున్నంలా తెల్లగా ఉండిపోయింది. ఆ పిల్ల సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఇంకోసారి కలిపి చూసింది. తెలుపు తెలుపే. పడవ పెద్దాయన కూడా తెడ్డు వేయడం ఆపి చూశాడు. ఆయనకు రసాయనశాస్త్రం రాకపోయినా పక్కపక్కనున్న రెండు సీసాలకూ తేడా తెలిసింది.

గోధుమరంగు సీసాకు ప్రయోగశాలలో ఇంకా పని ఉంటుంది. ఆమ్లం పోస్తే పసుపవుతుంది, గంజినీళ్లు చుక్కలేస్తే నీలమవుతుంది. ఇంకో ద్రావణాన్ని చుక్క చుక్కగా వదులుతూ ఆ నీలం మాయమయ్యే వరకు లెక్కపెడతారు. ఎన్ని చుక్కలు పట్టాయన్నదాన్ని బట్టి ఎంత ప్రాణవాయువుందో తెలుస్తుంది. తెల్లసీసాకు లెక్క అక్కర్లేదు.

ఆ తర్వాత ఇనప దవడల గరాటులాంటి దాన్ని అడుక్కి వదిలి బురద తీశారు. నల్లటి బురద. కుళ్లిన కోడిగుడ్డు కంపు. జల్లెడలో పోసి నీళ్లు కొడితే బురదంతా పోయి సన్నని ఎర్ర దారప్పోగుల్లాంటి పురుగులు మిగిలాయి. వాటి పేరు కాపిటెల్లా. నాకు అవి కింది వాటా అద్దెవాళ్లు. మిగతా పురుగులు బతకలేని మురికిలో ఇవి కుప్పలుగా పెరుగుతాయి. విశాఖ హార్బరు అడుగును ఏళ్ల తరబడి జల్లెడ పట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఎ.వి. రామన్, గణపతితో కలిసి 1983లో ఈ పురుగుల సంగతి ప్రచురించారు. లోపలి కొసల్లో రకాలు తక్కువ, కాపిటెల్లాలు ఎక్కువ. మూతి వైపు వచ్చేకొద్దీ రకాలు పెరుగుతాయి. రామన్ 1995లో ఈ ఒక్క హార్బరు మీద జరిగిన 23 ఏళ్ల పరిశీలనను ఒకచోట చేర్చి రాశారు. ఒక నీటిమడుగు నాడిని 23 ఏళ్లు వదలకుండా పట్టుకోవడం మాటలు కాదు. ఒక్కరోజు తీసిన సీసా ఆ రోజు సంగతే చెబుతుంది. వానాకాలమా వేసవా, పోటా పాటా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఏళ్ల తరబడి తీసిన సీసాలే రోగమేదో, ఒక్కపూట నలత ఏదో విడదీసి చెబుతాయి.

ఆలిచిప్పల్ని సాక్షులుగా పిలిచింది ఇక్కడే కాదు. 1975లో ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్రపంచ తీరాలన్నిటా ఆలిచిప్పల్ని ఏరి పరీక్షించాలని ప్రతిపాదించాడు. కారణం మా తిండి అలవాటే. మేం మొప్పలతో రోజంతా నీళ్లు వడపోసి తింటాం. నీళ్లలో రాగి, జింకు, సీసం చాలా పలచగా ఉన్నా సరే, మా ఒంట్లోకి చేరి పోగుపడతాయి. నీళ్లు నిన్నటివి నేడుండవు. నా ఒళ్లు మాత్రం నెలల చిట్టా దాచుకుంటుంది. నన్ను ఎండబెట్టి, పొడిచేసి, ఆమ్లంలో కరిగించి మరీ ఆ చిట్టా చదువుతారు. ఆత్మకథలు చాలామంది రాస్తారు, కరిగిపోయి మరీ చెప్పేది మేమే.

నేను శుద్ధపూసనని చెప్పడం లేదు. వడపోసే జీవులం కదా, నీళ్లు శుభ్రం చేస్తాం కదా అని కొందరు మమ్మల్ని వెనకేసుకొస్తారు. కొంత నిజమే. కానీ మేం వడపోసి వదిలిన మలినం అడుక్కే చేరుతుంది. మా గుంపులో కింద పడ్డవాళ్లు ఊపిరాడక చచ్చి అక్కడే కుళ్లుతారు. దాంతో ఉన్న ప్రాణవాయువూ హరించుకుపోతుంది. స్థానిక చిప్పల చోటు మేం లాక్కున్నాం. ఆ నేరం ఒప్పుకుంటున్నాను.

మమ్మల్ని తరిమిన ఊరు కూడా ఉంది. 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ ఊళ్లో, కల్లెన్ బే అనే పడవల రేవులో మావాళ్లు కనబడ్డారు. అంతకు ఆరు నెలల ముందు అక్కడ ఒక్కరూ లేరు. ప్రభుత్వం మూడు రేవుల గేట్లు మూసి క్లోరిన్, మైలుతుత్తం కుమ్మరించి మమ్మల్ని తుడిచిపెట్టింది. ఖర్చు ఇరవై లక్షల ఆస్ట్రేలియా డాలర్ల పైమాట. నీళ్లకు గేట్లున్నాయి, వచ్చి ఎక్కువ రోజులు కాలేదు కాబట్టి సరిపోయింది. ఐదు దశాబ్దాలు దాటి పాతుకుపోయిన విశాఖలో, గెడ్డా సముద్రమూ రెండూ తెరిచే ఉన్నచోట, ఆ చిట్కా పారదు.

ఓడలకు మేం అంటుకోకుండా తగరం కలిపిన విషపు రంగులు కూడా పూశారు. మేం కొంత చచ్చాం. దాంతోపాటు చాలా తీరాల్లో ఆడనత్తలకు మగ అవయవాలు మొలిచి సంతానం ఆగిపోయింది. చివరికి 2001లో దేశాలు ఆ రంగులు వద్దని ఒప్పందం రాసుకున్నాయి. 2008లో అది అమల్లోకొచ్చింది. శత్రువు మీద పోసిన విషం ఇంటి నూతిలో పడిందని ఆలస్యంగా తెలుసుకున్నారు.

మొన్న మళ్లీ నీళ్లలోకి దింపిన మా పలకను రేపు ఆ అమ్మాయి ప్రయోగశాలకు తీసుకెళ్తుంది. చాకుతో గీకి, తూచి, లెక్కపెట్టి, నన్ను ఫార్మలిన్ సీసాలో వేస్తుందో, ఆమ్లంలో కరిగిస్తుందో ఇంకా తేల్చుకోలేదు. నోట్‌బుక్కులో మాత్రం ఇంతమంది నల్లచిప్పలు, ఇంత బరువు అని రాస్తుంది. ఆ అంకె నాది కాదండీ, మీది. నేను లావెక్కింది మీరు గెడ్డలో వదిలినదాన్ని తినే.

పోయేముందు రెండు మాటలు. ఓడల, పడవల అడుగులు గీకినప్పుడు రాలిన గుల్లల్ని తిరిగి నీళ్లలోకి తోయకండి. ఒడ్డుకు తెచ్చి ఎండలో ఆరబెట్టండి, లేకపోతే ఇంకో పడవకు అంటుకుని భీమిలికో కాకినాడకో నేను చేరతాను. మురుగును శుద్ధి చెయ్యకుండా గెడ్డలోకి వదలకండి. పడవ పెద్దాయన అడిగిన మందు అదే. ఆ రెండూ చేశాక ఇదే జెట్టీకి ఇంకో పలక కట్టండి. దాని మీద నేను ఒక్కదాన్నే కాకుండా వెళ్లిపోయినవాళ్లు నలుగురైదుగురు వచ్చి చేరితే, ఉప్పుటేటికి జ్వరం తగ్గినట్టు లెక్క.