సూర్యాపేటలో సైబీరియా

మే నెల ఎండ 45 డిగ్రీలు తాకే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇప్పుడు ఇంటి ముందు హస్కీ కుక్క లేకపోతే నామోషీ. సైబీరియా మంచులో బండ్లు లాగించడానికి చుక్చీ జనం పెంచిన జాతి అది, ఒంటి నిండా రెండు పొరల బొచ్చు. మిర్యాలగూడలో దానికి లాగే పని చూపాలంటే రైసుమిల్లు ముందు వడ్ల ట్రాక్టర్లే దిక్కు. ‘ఏసీ గది ఇచ్చాంగా’ అంటారు. నిజమే, హస్కీకి ఏసీ, అత్తగారికి కూలరు. కరెంటు పోతే ఇన్వర్టరు ఎవరి గదికో వేరే చెప్పాలా?

కాపలా సంగతంటారా, కొత్తవాళ్లతోనూ చెలిమి చేయడం దాని స్వభావం. దొంగకు ఎదురెళ్లి మరీ స్వాగతం పలుకుతుంది. ‘దీని తండ్రి డాగ్ షోలో కప్పు కొట్టింది’ అన్నది ఆఖరి వాదన. షోలో జడ్జి చూసేది తల, తోక, నడక జాతి కొలతకు సరిపోయాయా అని. కోదాడ డాబా మీద మధ్యాహ్నం రెండింటికి ఆ నడక ఎలా ఉంటుందో ఆయన చూడడు. మన దేశవాళీ జాతులు ముధోల్, రాజపాళయం కుక్కల బొమ్మలతో తపాలా శాఖ 2005లోనే స్టాంపులు వేసింది. ఉత్తరాలు రాసేవాళ్లే లేరు, ఇక చూసేదెవరు? ఇంతకీ రాత్రంతా ఆ ఇంటికి కాపలా కాసేది గేటు బయటి ఊరకుక్క. పెడిగ్రీ కాగితం లేదు కనుక దానికి పెరుగన్నం కూడా మంజూరు కాలేదు.