ఆగితే దేశం, కదిలితే దేశం

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబం ఒకటి క్రొయేషియా, బోస్నియా, మాంటెనెగ్రో చుట్టి రావడానికి కారులో బయల్దేరింది. పిల్లలకు సముద్రం కావాలి, నాన్నకు కొండదారి కావాలి, అమ్మకు పులిహోర డబ్బా తెరవడానికి కాస్త నీడ కావాలి. సరిహద్దు పోలీసుకు మాత్రం అందరి పాస్‌పోర్టులూ, కారు బీమా కాగితమూ కావాలి.

ఆడ్రియాటిక్ తీరంలో బోస్నియా వాటా నేయుమ్ దగ్గర ఇరవై కిలోమీటర్ల పైచిలుకే. అదీ క్రొయేషియాను రెండు ముక్కలు చేసి మరీ! రోడ్డున డుబ్రొవ్నిక్ వెళ్లాలంటే క్రొయేషియన్లే పరాయి దేశంలో దూరి బయటపడేవారు. ఆ బాధ తప్పించడానికి 2022లో సముద్రం మీద 2.4 కిలోమీటర్ల పెల్యెషాట్స్ వంతెన తెరిచారు. సొమ్ములో సింహభాగం యూరోపియన్ యూనియన్‌ది, కట్టింది చైనా కంపెనీ, మురిసిపోయింది క్రొయేషియా.

మన నాన్న మాత్రం వంతెన వంక చూడలేదు. స్టేటస్‌లో మూడు దేశాలుండాలి కదా! క్యూలో నిలబడటానికే బోస్నియాలోకి తిప్పాడు.

ఇక మాంటెనెగ్రో. యూనియన్‌లో సభ్యత్వం లేదు, జేబులో మాత్రం యూరోలే. శుభలేఖ అందకపోయినా మొదటి బంతిలోనే కూర్చున్న చుట్టం! అక్కడ కోటోర్ నుంచి లవ్‌చెన్ కొండ మీదికి పాతిక మెలికల ఇరుకు దారి. ఎదురుగా బస్సొస్తే వెనక్కి పోవాల్సింది ఎవరో ఏ వీసాలోనూ రాయలేదు. నాలుగో మెలికకే చిన్నోడు కవరు అడిగాడు.

‘‘ముందు వీడియో తియ్యరా!’’ అన్నాడు నాన్న.