కోట పట్టిన వీరులు

ఆదివారం వస్తే ఆదోని పాతూరు చూడటానికి జనం బయల్దేరుతున్నారు.

1786లో టిప్పు సుల్తాన్ నెల రోజులు ముట్టడిస్తే గానీ ఆదోని కోట లొంగలేదు. మనవాళ్లకు సెల్ఫీ కర్రతో అరగంట చాలు. పైగా గోడ మీద శాసనం: బాణం గుచ్చిన గుండె, కింద ఇద్దరి పేర్లు.

ఔరంగజేబు సేనలు జామియా మసీదుకు ఫిరంగులు గురిపెట్టగానే అప్పటి ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ కోట అప్పగించాడంటారు. తొందరపడ్డాడు పాపం! ఇప్పటి బజారులోనైతే ఆ ఫిరంగులు ఆటోల మధ్య ఇరుక్కుని సాయంత్రందాకా హారన్ కొడుతుండేవి.

ఇక షాపింగ్. పత్తి వ్యాపారంతో ‘రెండో ముంబై’ అనిపించుకున్న ఊళ్లో చీర కొంటే, ‘సూరత్ మాల్ మేడమ్, గ్యారంటీ’ అన్న భరోసా.

ఎమ్మిగనూరు వేరు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. అక్కడ మగ్గంతో ఫొటో దిగి, దుప్పటి నిమిరి, ‘ఆన్‌లైన్‌లో ఇంకా తక్కువ కదన్నా’ అని వచ్చేస్తారు.

వారసత్వ పరిరక్షణ ఉద్యమం మాత్రం ఉగ్గాణి బండి దగ్గర జోరుగా ఉంది. కోట గోడలో రాయి ఊడితే అడిగే నాథుడు లేడు. ప్లేటులో బజ్జీ ఒకటి తగ్గిందో, ‘యాడబోయిందన్నా ఇంకోటి?’ అని తక్షణ విచారణ!