ప్రతిభకు మీసాలుండేవి!

వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం పుట్టింది 1842లో. ఆడవాళ్లకు సభ్యత్వం ఇవ్వడానికి ఒప్పుకున్నది 1997లో. ఆ 155 ఏళ్లూ అక్కడ చూసింది ప్రతిభనేనట; ఆ ప్రతిభ పొరపాటున కూడా ఒక్క ఆడపిల్లను ఆవహించలేదన్నమాట! మరి అన్నా లెల్కెస్ మాటేమిటి? ఏళ్ల తరబడి ఆ బృందంతోనే హార్ప్ వాయించిందావిడ. కచేరీకి పనికొచ్చిన చేతులు సభ్యత్వానికి మాత్రం రెండు దశాబ్దాలు దాటినా పనికిరాలేదు. 1997లో ఆమె వేళ్లేమీ మారలేదు, విమర్శల వేడికి మారింది సభ్యుల ఓటు.

‘ఆడవాళ్లొస్తే తరతరాల నాదం చెడిపోతుంది’ అన్నారు పెద్దలు. వచ్చారు. 2011లో అల్బేనా దనైలోవా ఏకంగా కాన్సర్ట్‌మాస్టర్ (ప్రధాన వయొలినిస్టు) కుర్చీలోనే కూర్చున్నారు. నాదం ఏపాటి చెడిందో నూతన సంవత్సర కచేరీ టికెట్లే చెబుతాయి: ఇప్పటికీ వాటిని లాటరీ తీసే అమ్ముతున్నారు. ‘ఎంపిక పరీక్షలో తెర కడుతున్నాం, ఇంకేం కావాలి?’ అనేవారూ ఉన్నారు. తెర మంచిదే. వాయించేది ఎవరో తెలియకపోతే చెవులు న్యాయంగానే వింటాయి. కానీ ఖరీదైన వాద్యం, ఏళ్ల తరబడి గురువు ఫీజు లేనివాళ్లు ఆ తెర దాకా రానేలేరు. పైగా బృందాన్ని నడిపించే కండక్టర్‌కు తెరా లేదు, పరీక్షా లేదు, ఉన్నది ఆహ్వానమే. 1939లో మొదలైన ఆ నూతన సంవత్సర కచేరీకి 2025 దాకా ఆ ఆహ్వానం ఒక్క మహిళకూ అందలేదు. ప్రతిభ ఒక్కటే కొలమానం అనేవారు ముందు తమ పిలుపుల జాబితా చూసుకోవాలి.