గబ్బిలాల కోసం ఘంటసాల

ఘంటసాల పాడే రోజుల్లో మద్రాసు స్టూడియోలో గాయకుడు, వాద్యబృందం ఒకేసారి పాడి వాయించేవారు. రికార్డింగు మోనో. ఆ పాట లక్క ప్లేటు మీద నిమిషానికి 78 చుట్లు తిరుగుతూ ఊళ్లకు చేరేది. అలాంటి పాటను ఇప్పుడు 24 బిట్లు, 192 కిలోహెర్ట్‌జ్‌లో వినకపోతే ఆయన గమకం మనకు దక్కదట. దక్కాలంటే నెట్ నుంచి పాటను తెచ్చే స్ట్రీమర్ ఒకటి, అంకెలను ధ్వనిగా మార్చే డాక్ ఒకటి, రెంటినీ కలపడానికి వెండి తీగ ఒకటి కొనాలట. మహానగరాల హైఫై షాపుల్లో పుట్టిన ఈ శాస్త్రం సత్తుపల్లి మీదుగా దమ్మపేటకూ వచ్చింది. పామాయిల్ గెలల రేటు బాగున్న ఏడాది మా ఊరికి రాని శాస్త్రం లేదు.

ముందు లెక్క చూద్దాం. సోనీ, ఫిలిప్స్ కలిసి 1982లో సీడీని మార్కెట్లోకి తెచ్చినప్పుడు సెకనుకు 44,100 నమూనాలు, నమూనాకు 16 బిట్లు అని ఖాయం చేశాయి. నమూనాల సంఖ్యలో సగం దాకా, అంటే సుమారు 22 వేల హెర్ట్‌జ్ దాకా ఉన్న ధ్వని ఇందులో పట్టేస్తుంది. మనిషి చెవి చిన్నతనంలో 20 వేల దాకా వింటుంది. యాభై దాటాక చాలామందికి 12, 14 వేల పైన ఏమీ వినపడదు. లక్షలు పెట్టి హైఫై కొనే స్తోమత వచ్చేదీ ఆ వయసులోనే. 192 కిలోహెర్ట్‌జ్ ఫైలులో 96 వేల హెర్ట్‌జ్ దాకా చోటుంది. ఆ పై అంతస్తుల్లో ఏముందో వినాలంటే గబ్బిలమై పుట్టాలి. మా అడవి అంచున వాటికి కొదవ లేదు గానీ, ఒక్కటీ ఇంతవరకు నెలచందా కట్టలేదు.

నాలుగు నిమిషాల స్టీరియో పాట సీడీ లెక్కలో 42 ఎంబీ, పెద్ద ఫైలులో 276 ఎంబీ. పెరిగిన 234 ఎంబీల్లో ఘంటసాల లేరు. పాత టేపు బుస ఉంది. అది మాత్రం మునుపెన్నడూ లేనంత స్వచ్ఛంగా ఉంది.

ఇక తీగల సంగతి. మా బావ తోట డబ్బుతో స్ట్రీమర్ కొన్నాడు. రౌటర్ నుంచి దానికి చిటికెన వేలంత లావు తీగ వేశాడు. దాని ధరకు పాడిగేదె వస్తుంది. పాట పెట్టి, కళ్లు మూసుకుని, "చూశావా బామ్మర్దీ, తబలా ఎంత విడిగా వినపడుతుందో! అంతా ఆ తీగ మహిమే" అన్నాడు. నేను వెనక్కి వెళ్లి ఆ తీగ పీకేశాను. పాట ఆగలేదు. తబలా విడిగానే వినపడుతోంది, బావ తల ఊపుతూనే ఉన్నాడు. కాసేపటికి గది నిశ్శబ్దమైంది. "కరెంటు పోయిందా?" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

రహస్యమేమీ లేదు. యంత్రం పాటను ముందే లాగి తన మెమరీలో దాచుకుంటుంది, అక్కడి నుంచి తన గడియారం ప్రకారం వాయిస్తుంది. దారిలో తప్పిపోయిన ముక్క ఉంటే మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది. గెలల డబ్బు బ్యాంకు ఖాతాలో పడినప్పుడు, మామూలు తీగ మీద వచ్చిందని అందులో రూపాయి మసకబారదు కదా! పాట అంకెలూ అంతే. వస్తే పూర్తిగా వస్తాయి, రాకపోతే పాట ఆగుతుంది. మెత్తగా రావడం, తియ్యగా రావడం అంకెలకు చేతకాదు.

పవర్ కార్డు కథ ఇంకా రసవత్తరం. సబ్‌స్టేషన్ నుంచి కరెంటు అల్యూమినియం తీగల మీద పామాయిల్ తోటలన్నీ దాటి, మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అయితే గుడ్లు తేలేసే ట్రాన్స్‌ఫార్మర్‌లో పడి, లైన్‌మన్ చుట్టిన ఫ్యూజు తీగలోంచి దూరి, గోడలో ఎవరు వేశారో తెలియని వైరు గుండా ప్లగ్గుకు చేరుతుంది. అక్కడి నుంచి చివరి మీటరున్నరలో బంగారు పూత తీగ దాన్ని పవిత్రం చేస్తుంది. అన్ని కిలోమీటర్ల పాపం మీటరున్నరలో పోతుందంటే గోదావరి పుష్కరాలకు ఇక పనేముంది?

ఇది పల్లెటూరి అసూయ అనుకునేవారికి అమెరికా ముచ్చట ఒకటి. మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ వినైల్ రికార్డులంటే డిజిటల్ మైల అంటని మడి సరుకని ప్రతీతి ఉండేది. డిజిటల్ ఎక్కడ తగిలినా మా చెవి పట్టేస్తుందనే మహానుభావులే వాటికి హారతులు పట్టారు. 2022లో అసలు సంగతి బయటపడింది. ఆ రికార్డుల్లో చాలావాటి తయారీలో ఏళ్ల తరబడి డిజిటల్ మెట్టు ఉంది. చెవి పట్టలేనిదాన్ని వార్త పట్టింది. కొన్నవాళ్లు కోర్టుకెక్కారు, కంపెనీ 2.5 కోట్ల డాలర్ల రాజీకి వచ్చింది.

2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఒక పరీక్ష జరిపి ఫలితాన్ని ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. హైరెజల్యూషన్ పాటను నేరుగా ఒకసారి, మధ్యలో సీడీ స్థాయికి దించి ఒకసారి వినిపించి ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో 276 సార్లు సరిగ్గా చెప్పారు. రూపాయి బిళ్ల ఎగరేసినా అంతే వస్తుంది. 2016లో రీస్ అనే ఆచార్యుడు ఇలాంటి పరిశోధనలు చాలా కలిపి చూస్తే నూటికి 52 దాకా వచ్చింది, గట్టి శిక్షణ పొందిన చెవులకు 60 పైన. మామూలు చెవికి దక్కే ఆ ఒకటి రెండు మార్కుల కోసం ఎకరం అమ్ముకోవాలా? పరీక్ష మాట ఎత్తగానే భక్తులు, "ఒత్తిడిలో చెవి మొద్దుబారుతుందండీ" అంటారు. షాపువాడు ఖరీదైన పెట్టె వంతు వచ్చినప్పుడు వాల్యూమ్ పిసరంత పెంచుతాడే, అప్పుడు మాత్రం చెవి మహా చురుగ్గా ఉంటుంది.

తేడాలే లేవని నేననను. సెల్ షాపులో మెమరీ కార్డు నిండా ఎక్కించిన, సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీత్రీల్లో మువ్వలు గరగరమంటాయి. అది చెవికి తెలిసే లోటే. దానికి మందు సీడీ స్థాయి ఫైలు, వెయ్యి రూపాయల అటూఇటూలో వచ్చే చిన్న డాక్. అక్కడితో ఫైలు, డాక్ పని అయిపోయింది. మిగిలిన డబ్బు స్పీకర్లకు పెట్టాలి, ఆ తర్వాత గదికి. కింద గ్రానైటు, పైన స్లాబు, చుట్టూ బోడిగోడలు. చప్పట్లు కొడితే గది తిరిగి చప్పట్లు కొడుతుంది. ఒక పరుపు, నాలుగు మందపాటి పరదాలు వేస్తే వచ్చే మార్పు ఏ తీగతోనూ రాదు. పరదాల మీద హైఫై షాపుకు కమీషన్ లేదు కాబట్టి ఈ మాట అక్కడ వినపడదు.

కాదంటారా? రండి, పందెం. ఒకే పాట, ఒకే మాస్టర్ నుంచి తీసిన రెండు ఫైళ్లు, ఒకే వాల్యూమ్. ఏది మోగుతోందో మీకు కనపడకుండా మా మేనకోడలు మారుస్తుంది. 16 సార్లలో కనీసం 12 సార్లు సరిగ్గా చెప్పండి, మీ తీగ ఖరీదు నేనిస్తాను. చెప్పలేకపోతే అది అమ్మేసి ఆ డబ్బుతో గేదెను కొనండి. పాలు వచ్చిందీ రానిదీ తెలుసుకోడానికి బంగారు చెవులు అక్కర్లేదు.